ఈ మొహం ఎక్కడో చూశామే!

రాత్రి పదకొండింటికి తొమ్మిదేళ్ళ పిల్లాడు తట్టి లేపి "అమ్మా, బాత్రూమ్‌కెళ్ళాలి, తోడు రావా" అన్నాడంటే ఆ రోజు టీవీలో ఎలాంటి సినిమా వచ్చి ఉంటుందో మీకు వేరే చెప్పాలా? మీ ఇంట్లోనూ ఎప్పుడో జరిగే ఉంటుంది. మా ఇంట్లో ఆ సినిమా 'అరుంధతి'.

2009 జనవరిలో సంక్రాంతి ముగ్గులు చెరగకముందే ఆ సినిమా విడుదలైంది. మేమిద్దరం వెళ్ళి చూసొచ్చాం కానీ పిల్లాణ్ణి తీసుకెళ్ళలేదు. తెలివిగా తప్పించాం అనుకున్నాం. కానీ టీవీ అన్నది ఒకటి ఇంట్లో ఉందిగా! అది వేసిన ఆదివారం నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను, మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మా చిన్నాడు దిండు కళ్ళకి అడ్డం పెట్టుకుని, దాని పక్క సందులోంచి పశుపతిని చూస్తున్నాడు. ఆపేస్తే ఏడుపు, ఉంచితే వణుకు.

ఆ వారమంతా గదిలో లైటు ఆర్పనివ్వలేదు. రెండు రాత్రులు పక్క తడిపేశాడు. అత్తయ్య ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి దిష్టి తీశారు, మెళ్ళో ఆంజనేయస్వామి బిళ్ళ కట్టారు. పిల్లల భయం నాలుగు రోజులుండి పోయేదే కదా, నేనూ పెద్దగా పట్టించుకోలేదు. పాలాయన సంగతి జరగకపోతే అక్కడితో మర్చిపోయేదాన్నే.

మా వీధికి పాలు పోసే ఆయనకి అప్పటికే అరవై దాటాయి. వయసులో ఉండగా కిరోసిన్ స్టవ్ పేలి మొహం ఎడమవైపంతా కాలిపోయింది. చర్మం ముడుచుకుపోయి, ఒక కన్ను సగమే తెరుచుకుంటుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నాం, మాకది తెలియను కూడా తెలియదు. ఆ వారంలోనే ఒక పొద్దున చిన్నాడు తలుపు తీశాడు. ఎదురుగా ఆయన. కెవ్వుమని కేకేసి "పశుపతి! పశుపతి!" అంటూ లోపలికి పరిగెత్తాడు. ఆయనకి వినబడింది. వినబడకుండా ఎలా ఉంటుంది, వీధి వీధంతా వినబడితే?

మర్నాటి నుంచి ఆయన గేటు దాటి లోపలికి రావడం మానేశాడు. గిన్నె ప్రహరీ గోడ మీద పెట్టించి, పోసేసి, తలగుడ్డ కొస మొహం మీదికి లాక్కుని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నేనే ఎదురెళ్ళి అడిగితే, "ఎందుకులే అమ్మా, పిల్లాడు జడుసుకుంటాడు" అన్నాడు. ఆ పూటంతా నాకు పని మీద చెయ్యి ఆడలేదు.

మల్లి ఎవరో తెలిసింది!

మందు అనుకోకుండా దొరికింది. అదీ టీవీలోనే. 'అతడు' సినిమా ఛానెల్ వాళ్ళు ఎన్నిసార్లు వేశారో, మనం ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు కదా! 2005లో వచ్చిన ఆ సినిమాలో మహేష్‌బాబుకి మల్లి అని ఒక జతగాడు ఉంటాడు. తెల్లగా, ఎత్తుగా, నున్నగా గడ్డం గీసుకుని. పక్కనే ఉంటూ వెన్నుపోటు పొడిచేది వాడే. చపాతీలు ఒత్తుతూ తలెత్తి చూశాను... ఎక్కడో చూశానే ఈ మొహం! ఆ దవడ, ఆ చూపు...

"ఒరేయ్, ఇటు రా. వీడెవరో చెప్పుకో చూద్దాం" అన్నాను.

"మల్లి."

"మల్లేలే. వీడికి జడలు కట్టిన జుట్టు పెట్టి, మొహమంతా రంగు పూసి, కళ్ళ కింద నల్లగా దిద్దితే?"

వాడు చాలాసేపు చూశాడు. దగ్గరికెళ్ళి చూశాడు. "పశుపతా?" అన్నాడు. గొంతులో భయం కంటే ఎక్కువగా... ఏమని చెప్పను, దొంగ దొరికాడన్న సంబరం ఉంది.

అవును, సోనూ సూద్. పంజాబ్‌లోని మోగా ఊరివాడు, ఇంజనీరింగ్ చదువుకుని సినిమాల్లోకి వచ్చినవాడు. ఇంకో తమాషా ఏమిటంటే, 'అతడు'లో మల్లి తుపాకీతో కాల్చి చంపే రాజకీయ నాయకుడు శివారెడ్డి ఉన్నాడే, ఆ వేషం వేసింది షాయాజీ షిండే. 'అరుంధతి'లో జేజమ్మకి అండగా నిలబడే ఫకీరు అన్వర్ కూడా ఆయనే! "అయితే అన్వర్ తాతని ముందే ఒకసారి చంపేశాడా వీడు?" అని చిన్నాడు నోరు తెరిచాడు. 'పోకిరి'లో పోలీసు కమిషనర్ కూడా ఆ తాతేరా అంటే, "ఆయనకి ఎన్ని ఉద్యోగాలో!" అన్నాడు.

అలా మొదలైంది మా ఇంట్లో ఈ ఆట. ఒక పాత లాంగ్‌నోట్‌బుక్ తీసి గీతలు గీశాడు. ఎడమవైపు 'భయపెట్టినవాళ్ళు', కుడివైపు 'ఇంకెక్కడ దొరికారు'. మొదటి పేజీ అంతా పశుపతిదే.

'సూపర్' సినిమా వచ్చిన రోజైతే ఇల్లు ఎగిరిపోయింది. అది 2005లో పూరీ జగన్నాథ్ తీసిన సినిమా, అనుష్కకి మొదటిది. అందులో సోనూ సూద్ చెల్లెలు ఎవరనుకున్నారు? అనుష్కే! చెల్లెలి కోసం పగబట్టే అన్నయ్య ఆయన. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ అన్నాచెల్లెళ్ళనే తీసుకొచ్చి గద్వాల కోటలో ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పారు. తరవాత ఒకరోజు 'జోధా అక్బర్' వచ్చింది. 2008 నాటిది. అందులోనూ జోధాకి అన్నలాంటివాడు, సుజామల్. చివరికి అక్బర్‌ని హెచ్చరించడానికి వచ్చి ప్రాణం విడుస్తాడు. చిన్నాడు ఆ సీనులో కళ్ళు తుడుచుకున్నాడు. పశుపతి చచ్చిపోతే ఏడ్చిన పిల్లాడు మా వాడొక్కడే అయ్యుంటాడు!

ఇంకా గొంతు సంగతి ఉంది. సమాధిలోంచి ఆ "బొమ్మాళీ" అన్న పిలుపు గుర్తుందిగా? అది సోనూ సూద్ గొంతు కాదు. డబ్బింగ్ కళాకారుడు రవిశంకర్‌ది. మన సాయికుమార్ సొంత తమ్ముడు. ఆ ఒక్క పిలుపుతో ఆయనకి బొమ్మాళి రవిశంకర్ అన్న పేరే స్థిరపడిపోయింది. భయపెట్టిన మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది అని చెప్పేసరికి మా వాడికి సగం బరువు దిగిపోయినట్టుంది. ఆ రాత్రి లైటు తనే ఆర్పాడు.

అత్తయ్య పద్దు

ఆట ఆడేది మేమిద్దరమే అనుకుంటే అత్తయ్య ఊరుకుంటారా? "మీ పశుపతి ఏపాటి? నేపాళ మాంత్రికుణ్ణి చూసి నేను మా అమ్మ కొంగులో దూరాను" అన్నారు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' ఆవిడ చిన్నతనంలో ఊళ్ళో టూరింగ్ టాకీస్‌లో చూశారట. ఎస్.వి. రంగారావు గారు గడ్డం నిమురుకుంటే చాలు, పిల్లలంతా నేల మీంచి లేచి వెనక్కి జరిగేవారట. ఆ తరవాత 'మిస్సమ్మ'లో అదే మనిషి మనసున్న జమీందారై కనిపిస్తే, "ఇంకాసేపట్లో ఏదో మాయ చేస్తాడు" అని సినిమా అయిపోయేదాకా కాచుకుని కూర్చున్నారట. 'మాయాబజార్' ఘటోత్కచుడి దగ్గర కానీ భయం తీరి ముద్దొచ్చాడట. ఆయన సినిమాల్లోకి రాకముందు అగ్నిమాపక శాఖలో పనిచేశారు. మంటలార్పే ఉద్యోగం చేసిన మనిషి మంత్రాలతో మంటలు పుట్టించాడన్నమాట!

నా పద్దులో ముందుండేది 'అమ్మోరు'. 1995 నవంబర్‌లో వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి ఆర్నెల్లు. అత్తయ్య, నేను, పక్కింటివాళ్ళు, రిక్షాల మీద మ్యాట్నీకి వెళ్ళాం. హాల్లో వేపమండలు, పసుపు నీళ్ళు, కర్పూరం వాసన. నా ముందు వరసలో ఒకావిడకి పూనకం వచ్చేసింది. రామిరెడ్డి గోరఖ్‌గా తెర మీదికి వచ్చినప్పుడల్లా నేను అత్తయ్య చెయ్యి పట్టుకునేదాన్ని. కొత్తకోడలికీ అత్తగారికీ చనువు కుదిరింది ఆ మాంత్రికుడి పుణ్యాన్నే అంటే నవ్వకండి.

అంతకుముందు 'అంకుశం'లో రాజశేఖర్‌ని ముప్పుతిప్పలు పెట్టిన రౌడీ కూడా ఆ రామిరెడ్డే. దాన్ని 1990లో హిందీలో 'ప్రతిబంధ్'గా చిరంజీవితో తీసినప్పుడు కూడా ఆ వేషానికి వేరే మనిషి దొరకలేదు, మళ్ళీ ఆయన్నే పెట్టుకున్నారు. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికా విలేకరి. మనలాగే కలం, కాగితం పట్టుకు తిరిగిన మనిషి. 2011లో పోయారు. పేపర్లో ఆ వార్త చదివి అత్తయ్య "అయ్యో, మన గోరఖ్" అన్నారు. 'మన' అన్నారు చూశారూ!

'అంకుశం', 'అమ్మోరు', 'అరుంధతి' మూడూ ఒకే వంటింట్లోంచి వచ్చినవి. దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. ఇంతలా జడిపించిన ఆ రామకృష్ణ గారు మొదట తీసింది ఏమిటనుకున్నారు? 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'. తరవాత 'మంగమ్మగారి మనవడు'. భానుమతమ్మ చేత మనవణ్ణి గదమాయించిన చేత్తోనే గోరఖ్‌నీ పశుపతినీ పుట్టించారు. 2019లో ఆయనా వెళ్ళిపోయారు.

అన్నట్టు 'అమ్మోరు'లో బాలికగా వచ్చి గడగడలాడించిన పాప గుర్తుందా? బేబీ సునయన. పెద్దయ్యాక ఆ అమ్మాయే యూట్యూబ్‌లో 'ఫ్రస్ట్రేటెడ్ ఉమన్' అని మన ఇళ్ళల్లో బాధలే తీసుకుని కడుపుబ్బ నవ్వించింది. నేను చాలా ఎపిసోడ్లు చూశాక కానీ పోల్చుకోలేకపోయాను. పోల్చుకున్నాక మాత్రం ఆ అమ్మాయి విసుక్కున్నప్పుడల్లా ఒకసారి దణ్ణం పెట్టుకోవాలనిపించేది.

మా మరిది పద్దు చిన్నది. 1993లో జీ టీవీలో రాంసే సోదరుల 'జీ హారర్ షో' వచ్చేది కదా, ఆ పిచ్చిలో పడి వాళ్ళ సినిమాలన్నీ వీడియో క్యాసెట్లు తెచ్చి చూశాడు. వాటిల్లో 'పురానా మందిర్' లోని రాక్షసుడు సామ్రీకి జడుసుకున్నాడు. ఆ వేషం వేసిన అనిరుధ్ అగర్వాల్ రూర్కీలో చదివిన సివిల్ ఇంజనీరు. 1994లో ఇంగ్లీషులో వచ్చిన 'జంగిల్ బుక్'లోనూ ఉన్నాడు, చూడండి.

రేవతి చూపు

ఇప్పుడు నా అసలు భయం చెప్తాను. 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి'. నాకింకా పెళ్ళి కాలేదు. ఖాళీ సినిమా హాల్లో రేవతి ఒక్కతే ఉన్న ఆ సీను, ఆ పిల్లి, ఇంటి కింద ఆ నేలమాళిగ... కొన్నాళ్ళపాటు మా ఇంట్లో కట్టెల కొట్టులోకి నేను ఒంటరిగా వెళ్ళలేదు. నెత్తురు, కోరలు ఏమీ అక్కర్లేదు, ఆ అమ్మాయి ఊరికే తల తిప్పి చూస్తే చాలు.

ఆ భయం దించింది కూడా రేవతే. 'అంకురం' సినిమాతో. రైల్లో ఎవరో తన చేతిలో పెట్టి వెళ్ళిన పసిబిడ్డ కోసం, వాడి తండ్రి ఆచూకీ కోసం ఊరంతా ఎదురైనా నిలబడే ఇల్లాలు సింధూర. 1992 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. అందులో ఓంపురీ కూడా ఉన్నారు. 'రాత్రి'లో దయ్యాన్ని వదిలించడానికి వచ్చే మంత్రగాడు ఆయనే! ఒకే ఏడాది అటూ ఇటూగా అవే రెండు మొహాలు, ఒకచోట వెన్నులో చలి పుట్టిస్తే ఇంకోచోట గొంతులో ముద్ద దిగనివ్వలేదు.

ఇంకా ఉంది. 'రాత్రి'లో ఆ పిల్ల తల్లిగా వేసిన రోహిణీ హట్టంగడిని అంతకు ముందే, 1991లో, 'సీతారామయ్యగారి మనవరాలు'లో అక్కినేని పక్కన బామ్మగా చూశాం మనం. అప్పటికి ఆవిడ వయసు నలభై దాటలేదు! 'గాంధీ' సినిమాలో కస్తూర్బా కూడా ఆవిడే. అది తెలిశాక 'రాత్రి' మళ్ళీ చూస్తే, ఆ ఇంట్లో దయ్యం తిరుగుతున్నా ఫరవాలేదు, వంటింట్లో బామ్మ ఉంది అన్న ధైర్యం వస్తుంది.

రేవతి గురించి మరో మాట. మలయాళంలో 'మణిచిత్రతాళు' అని 1993లో వచ్చింది. మన 'చంద్రముఖి' కథకి అమ్మ అది. అందులో నాగవల్లిగా మారిపోయే ఇల్లాలు శోభన. 'రుద్రవీణ', 'అభినందన' శోభనే. ఆ వేషానికి జాతీయ అవార్డు తెచ్చుకుంది. తరవాత ఈ ఇద్దరు దయ్యం పట్టిన నాయికలూ కలిసి ఏం చేశారో తెలుసా? రేవతి దర్శకత్వంలో శోభన కథానాయికగా 2002లో 'మిత్ర్, మై ఫ్రెండ్' అని ఇంగ్లీషులో ఒక సినిమా తీశారు. అమెరికా కాపురానికి వెళ్ళిన చిదంబరం అమ్మాయి కథ. భర్త ఆఫీసు ఆయనది, కూతురు లోకం కూతురిది. ఈవిడ ఖాళీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియని మనిషితో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. ఆ మనిషి ఎవరో నేను చెప్పను, చూడండి. దయ్యం కంటే ఒంటరి మధ్యాహ్నం ఎక్కువ భయపెడుతుందని వాళ్ళిద్దరికీ బాగా తెలుసుననిపించింది నాకు. శోభనకి మళ్ళీ జాతీయ అవార్డు.

'రాత్రి' వచ్చిన ముప్పయ్యేళ్ళకి, 2022లో, రేవతి 'భూతకాలం' అనే మలయాళ సినిమాలో మళ్ళీ దయ్యం కొంపలో చిక్కుకుంది. ఈసారి కూతురిగా కాదు, కొడుకు కోసం బెంగపడే తల్లిగా. కేరళ ప్రభుత్వం ఉత్తమ నటి అవార్డు ఇచ్చింది. అదే ఏడాది 'మేజర్'లోనూ అమ్మే.

ఈ ఆటలో మొహం కంటే ముందు వేరేవి చూడాలి. విగ్గు, గడ్డం, రంగు అన్నీ మార్చెయ్యొచ్చు. చెవులు మార్చలేరు. నడక దాచలేరు. నవ్వినప్పుడు పెదవి ఏ వైపు ముందు లేస్తుందో చూడండి. మా చిన్నాడు కొన్నాళ్ళకి వెనకనుంచి భుజాలు చూసి చెప్పేసేవాడు. జయసుధని పట్టుకున్నది అలాగే. 1996లో వర్మ తీసిన 'దెయ్యం'లోని అక్క, 'బొమ్మరిల్లు' అమ్మ ఒకరే అని నాకు తట్టనే లేదు, వాడు చెప్పేదాకా.

నోట్‌బుక్ చివరి పేజీ

ఆట మొదలైన రెండు నెలలకి అనుకుంటాను, ఒక పొద్దున పాలాయన బెల్లు కొడితే నాకంటే ముందు చిన్నాడు గిన్నె పట్టుకుని బయల్దేరాడు. నేను తలుపు వెనకే నిలబడిపోయాను. ఆయన అలవాటుగా తలగుడ్డ లాక్కోబోయాడు. వీడు గేటు తీసి, ఆయన్నే తేరిపార చూసి, "తాతా, నీకు మొహం మీద అది మేకప్పా, నిజమా?" అని అడిగాడు.

నా గుండె ఆగినంత పనయింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత పాలు పోస్తూ స్టవ్ ఎలా పేలిందో చెప్పాడు. ఆసుపత్రిలో ఎన్నాళ్ళున్నాడో, ఇంటికి వచ్చాక సొంత కూతురే దగ్గరికి రావడానికి ఎలా జంకిందో అన్నీ చెప్పాడు. వీడు నోరెళ్ళబెట్టి విన్నాడు. "నొప్పి పుట్టిందా?" అన్నాడు. ఇన్నేళ్ళూ రోజూ పాలు పోయించుకున్నాం, ఆ ఒక్క మాట మేమెవరం ఆయన్ని అడిగి ఎరుగం.

ఆ సాయంత్రం నోట్‌బుక్ చివరి పేజీ తీసి చూస్తే ఎడమవైపు పాలతాత పేరు ఉంది. కుడివైపు, 'ఇంకెక్కడ దొరికారు' అన్నచోట, వంకర అక్షరాలతో రాసి ఉంది: పాలు పోస్తాడు. మనవడికి సైకిల్ నేర్పాడు. గేదెకి లక్ష్మి అని పేరు పెట్టాడు.

తలగుడ్డ మళ్ళీ తలకే ఉండేది ఆ తరవాత.

2020లో లాక్‌డౌన్ వచ్చేనాటికి చిన్నాడు ఇంజనీరింగ్‌లో ఉన్నాడు. కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు పాఠాలు వినేవాడు. ఒక సాయంత్రం "అమ్మా! మన పశుపతి టీవీలో" అని కేకేశాడు. సోనూ సూద్ మాస్కు వేసుకుని నిలబడి, ఊళ్ళకి నడిచి పోతున్న వలస కూలీలని బస్సులెక్కించి పంపుతున్నారు. ఆ మాస్కు మీది కళ్ళు చూసి మావాడు పోల్చేశాడు, పైన పేరు పడకముందే. అదే ఏడాది చివర్లో సిద్దిపేట జిల్లా దుబ్బ తండా వాళ్ళు ఆయనకి ఏకంగా గుడి కట్టి బొమ్మ పెట్టారు. 'ఆచార్య' షూటింగులో చిరంజీవి గారు "సినిమాలో మిమ్మల్ని కొడితే జనం నన్ను తిడతారు" అన్నారని ఆయనే ఒక చోట చెప్పుకున్నారు. 'అరుంధతి'కి ఉత్తమ ప్రతినాయకుడిగా నంది అందుకున్న మనిషికి వచ్చిన చిక్కు చూడండి!

గుడి సంగతి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, పేపర్లో ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎవరికీ, ఆ సమాధిలో వాడికా గుడి?"

"అవునత్తయ్యా. బోలెడుమందికి సాయం చేశారు."

"మంచిదే. చల్లగా ఉండాలి పాపం" అని పేపరు మడిచి, ఒక్క క్షణం ఆగి, "అయినా రాత్రిపూట మాత్రం ఆ సినిమా పెట్టకమ్మా" అన్నారు.